స్లీపులో ఉంచిన మంగళవారం

"షట్ డౌన్ చేశానండి. నాలుగింటికి. ఎప్పట్లాగే."

నాలుగోసారి అదే మాట. రాజకుమారి నా మొహంలోకి చూడదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్ళీ చుట్టుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధాలకోర్ల మీద నాకు కోపం లేదు, వాళ్ళ వల్లే నాకింత అన్నం దొరుకుతోంది. అబద్ధం ఆడటం చేతకాకుండా ఆడేవాళ్ళంటేనే మంట.

"నాలుక్కి మూసేసి ఎక్కడికెళ్ళావు?"

"సంతకెల్లినానండి. మంగళోరం కదా. నాలుగూ అయిదుకి జీపు ఎక్కినాను. అమ్మకి మందులు కొనాల."

"జీపు నడిపింది ఎవరు?"

"మా సిన్నాన్న కొడుకండి."

గుమ్మం దగ్గర నవ్వు వినిపించింది. ఎస్సై వరహాలరావు. నేను విశాఖలో సైబర్ సెల్లో హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో ఈ మహానుభావుడు అక్కడే ఎస్సై. నేను మూడు నెలలు కళ్ళు కాయలు కాచేలా కూర్చుని తేల్చిన కేసును తన పేరు మీద రాసుకుని మెడల్ పుచ్చుకున్నాడు. ఆ మర్నాడే నేను రాజీనామా పెట్టి సొంత డిటెక్టివ్ ఏజెన్సీ తెరుచుకున్నాను. పదకొండేళ్ళ తర్వాత అరకు కొండల్లోని బొర్రమామిడి ఔట్‌పోస్టులో మళ్ళీ దాపురించాడు.

"ఏంజెలిన్ మేడమ్, ఎంతసేపు? అయిదింటికి అరెస్టు రాయాలి నేను."

"రెండుంపావే అయింది. మీ మెడల్ ఎక్కడికీ పోదులెండి."

అతను మొహం గంటు పెట్టుకున్నాడు. నాకు కొంచెం హాయి అనిపించింది.

సంగతి ఇది. బొర్రమామిడిలో కొండ రైతుల సంఘం ఒకటుంది. అరవై ఒక్క కుటుంబాల పోడు భూములకు జీపీఎస్‌తో హద్దులు కొలిచి మ్యాపులు గీశారు. రేపు పొద్దున్న పది గంటలకు పాడేరులో హియరింగ్. ఆ మ్యాపులు అక్కడ పెడితేనే పట్టాలు. నిన్న, బుధవారం పొద్దున్న, అందరూ సరిచూసుకోవడానికని ప్రింట్లు తీసి సంఘం ఆఫీసు గోడకు అంటించారు. భీమన్న అనే ముసలాయన మ్యాపు చూసి, "నా పనస సెట్లు ఏవీ? గెడ్డ ఏదీ?" అని అరిచాడట. చూస్తే గెడ్డ అనే కొండవాగు వారనున్న ఇరవై మూడు కుటుంబాల హద్దులు పైకి జరిగిపోయి ఉన్నాయి. ఏటి ఒడ్డు నేలంతా ఎవరిదీ కానట్టు ఖాళీగా ఉంది. పెన్‌డ్రైవులో ఉండవలసిన రెండో కాపీ బీరువాలో లేదు. కొలిచిన జీపీఎస్ మిషను అద్దెది. వాపసు ఇచ్చే ముందు అందులోవన్నీ తుడిచేసి ఇచ్చారు.

ఆ మ్యాపుల కంప్యూటర్ ఆపరేటరు రాజకుమారి. వయసు ఇరవై రెండు. భీమన్నకు స్వయానా చెల్లెలి కూతురు.

వరహాలరావు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "లెక్క చాలా తేలిక మేడమ్. మంగళవారం పొద్దున్న తొమ్మిదీ అయిదుకి ఈ పిల్ల పాస్‌వర్డ్ కొట్టింది. ఆ రోజు మళ్ళీ ఎవరూ పాస్‌వర్డ్ కొట్టలేదు. హద్దులు మారింది నాలుగూ యాభై నుంచి అయిదూ పదహారు దాకా. నాలుక్కి షట్ డౌన్ చేసిన కంప్యూటర్‌లో నాలుగూ యాభైకి పాస్‌వర్డ్ లేకుండా ఎవరు దూరారు? దెయ్యమా?"

ఈ పిల్ల అరెస్టయితే సర్వే మొత్తం చిత్తు కాగితమని రేపు తేల్చేస్తారు. ఇరవై మూడు కుటుంబాలు రోడ్డున పడతాయి. రాజకుమారి జైలుకు పోతుంది, అదీ సొంత మేనమామ నేల అమ్ముకుందన్న పేరు మోస్తూ.

"చివరిసారి అడుగుతున్నాను. షట్ డౌన్ చేశావా?"

"చేశానండి," అంది, ఏడుపు గొంతుతో.

*

మూడూ పదికి సంఘం ఆఫీసుకు వెళ్ళాం. రేకుల కప్పు, రెండు గదులు. ముందు గది గోడకు ఆ దిక్కుమాలిన ప్రింట్లు ఇంకా వేలాడుతున్నాయి. వెనక గదిలో ఒక పాత కంప్యూటర్, స్టెబిలైజర్, ఇనప బీరువా. తలుపు తాళం ఎవరూ పగలగొట్టలేదు. తాళంచెవులు మూడు. ఒకటి రాజకుమారి దగ్గర, ఒకటి ఊడ్చి తుడిచే సోములమ్మ దగ్గర, మూడోది దైవాధీనం మాస్టారి దగ్గర.

మూడో తాళంచెవిని నేను లెక్కలో వేసుకోలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ వేసుకోలేదు.

నన్ను ఈ కేసుకు పిలిపించింది ఆయనే. సంఘానికి అధ్యక్షుడు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నా ఒకే వానాకాలంలో జ్వరాలకు పోతే హాస్టల్లో చేర్పించి, నోట్సు పుస్తకం దగ్గర్నుంచి చెప్పుల దాకా కొనిపెట్టిన మనిషి. స్కూలుకు ఎవరో ఇచ్చిన మొదటి కంప్యూటర్ మీద నా చెయ్యి పట్టుకుని మౌస్ తిప్పించింది కూడా ఆయనే. "సేవ్, షట్ డౌన్, ప్లగ్గు. ఈ మూడూ అయ్యాకే కుర్చీ లోంచి లేవాలి," అనేవారు. తప్పితే గుంజీలు తీయించేవారు. రాజకుమారికి నేర్పిందీ ఆయనే.

మాస్టారు ఫ్లాస్కు పట్టుకుని అప్పటికే అక్కడున్నారు. తెల్ల చొక్కా, జేబులో కళ్ళజోడు, చిన్న ఫోను.

"అమ్మాయ్ ఏంజిలూ, ఏమన్నా తిన్నావా?"

"తర్వాత తింటాను మాస్టారూ."

"ఆ పిల్లని బయటపడెయ్యమ్మా. నీ చేతుల్లో పెడుతున్నాను," అన్నారు, టీ పోసి ఇస్తూ. నా కళ్ళు చెమర్చాయి. మూడు గంటలు ఘాట్ రోడ్డులో బస్సు కుదుపులు తిని వచ్చింది ఈ ఒక్క మనిషి ఫోను చేశాడనే.

వరహాలరావు సీలు తీశాడు. రాజకుమారి పాస్‌వర్డ్ అతని దగ్గరుంది, కొట్టాడు. "బుధవారం పదిన్నరకి నేనే దగ్గరుండి షట్ డౌన్ చేయించి సీలు వేశాను. ఎవరూ ముట్టుకోలేదు."

"పొద్దున్న ప్రింట్లు తీసేటప్పుడు ఈ పిల్ల మ్యాపుల ప్రోగ్రాం తెరిచిందా?"

"లేదు. ముందురోజే ప్రింటు పేజీలు తయారుచేసి విడిగా పెట్టుకుందట. అవే తీసింది. ఆ పేజీలు కూడా మంగళవారం అయిదూ పదహారుకే మారాయి. అన్నీ రాసుకున్నాను."

"రాసుకున్నారు, చదవలేదు," అన్నాను.

కంప్యూటర్‌కు సొంత డైరీ ఒకటుంటుంది. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఎలా పడుకుంది, అన్నీ రాసుకుంటుంది. వరహాలరావు లాగిన్ల పేజీ ఒక్కటి చూసి మూసేశాడు. నేను కిందికి జరిపాను. బుధవారం ఎనిమిదీ యాభై దగ్గర ఎర్రగుర్తు ఉంది: మునుపటిసారి ఈ కంప్యూటర్ పద్ధతిగా మూయకుండా ఆగిపోయింది.

"అంటే?" అన్నాడు వరహాలరావు.

"అంటే మంగళవారం దీన్ని ఎవరూ షట్ డౌన్ చెయ్యలేదు."

ఇంకా పైకి వెళ్ళాను. నాలుగు అయ్యాక నిమిషానికి స్లీపులోకి వెళ్ళింది. నాలుగూ నలభై ఏడుకు లేచింది. అయిదూ ఇరవైకి మళ్ళీ స్లీపు. ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. స్లీపు అంటే కునుకు లాంటిది. తెరిచిన ఫైళ్ళు తెరిచినట్టే ఉంటాయి, కరెంటు కొద్దిగా లాగుతూనే ఉంటుంది. అయిదూ ఇరవై తర్వాత ఎప్పుడో ఆ కరెంటు కాస్తా పోయింది.

"మంగళవారం సాయంత్రం ఊళ్ళో కరెంటు పోయిందా?"

"నేదమ్మా," అంది గుమ్మం దగ్గర నుంచి సోములమ్మ. "నానే పలగ్గు పీకినాను."

అరవై ఏళ్ళుంటాయి. ముక్కుకు మూడు పోగులు. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"ఎందుకు పీకావు?"

"ఏటలాగంతావు? ఉరిమితే పీకనా? రొండేళ్ళ కిందట పిడుగు పడితే టీవీ, ఆ నెట్టు డబ్బా అన్నీ మాడిపోనాయి. అప్పట్నించి ఆకాశం గుర్రుమంటే సాలు, నాను ముందు పలగ్గే పీకుతాను. తరవాతే గుడ్డలు తీత్తాను."

"ఎన్ని గంటలకు?"

"నాకు గడియారం రాదమ్మా. సంత జీపు దిగినాను, అప్పుడే ఉరిమినాది. సర్చి గంట ఇంకా కొట్టనేదు."

చర్చి గంట ఆరింటికి. సంత నుంచి తిరుగు జీపు అయిదూ నలభైకి. సరిపోయింది.

"పీకేటప్పుడు ఈ డబ్బా మీద లైటేమైనా చూశావా?"

"సూసినాను. మిణుకుమిణుకుమంటంది. అదేటి ఇలగుంది అనుకున్నాను. ఆ గుంట ఏనాడూ అలగ ఒగ్గేసి ఎల్లదు. దుప్పటి కప్పినట్టు గుడ్డ కూడా కప్పుతాది."

మిణుకుమనే లైటంటే స్లీపే. నేను వరహాలరావు వైపు తిరిగాను. కీబోర్డు మీద చంద్రవంక బొమ్మ ఉన్న మీట నొక్కాను. తెర నల్లబడింది. లైటు మిణుకుమంది. ఏదో అక్షరం నొక్కాను. తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడగలేదు. ఎక్కడున్నామో అక్కడే తెరుచుకుంది.

"చూశారా మీ దెయ్యాన్ని? షట్ డౌన్ చేస్తే పాస్‌వర్డ్ కావాలి. స్లీపులో ఉంటే వేలు చాలు. నాలుగూ నలభై ఏడుకు తాళంచెవి ఉన్న ఎవరైనా లోపలికొచ్చి మీట నొక్కి ఆ పిల్ల పేరు మీదే పని కానిచ్చుకోవచ్చు."

పదకొండేళ్ళ బాకీ అక్కడికక్కడే తీరినట్టనిపించింది నాకు. కానీ అతను మొద్దేం కాదు.

"బాగానే ఉంది మేడమ్. అయితే నిజం చెబితే లాభం ఎవరికి? ఆ పిల్లకే కదా! స్లీపులో పెట్టి పోయానంటే ఈపాటికి ఇంటికి పంపేవాణ్ణి. షట్ డౌన్ చేశాను, షట్ డౌన్ చేశాను అని తన మెడకు తనే ఎందుకు ఉరి బిగించుకుంటోంది?"

అడగవలసిన ప్రశ్న అదే. అది నాకంటే ముందు వీడి నోట్లోంచి రావడమే నా ఖర్మ.

"పిలిపించండి," అన్నాను.

మాస్టారు కిటికీ దగ్గరకు వెళ్ళి కొండ వైపు చూశారు. మబ్బు పడుతోంది. "వాన వచ్చేలా ఉంది. చూడ్డం అయిపోతే షట్ డౌన్ చేసెయ్యమ్మా. మాడిపోతే ఉన్నదీ పోతుంది."

"ఇంకా అవలేదు మాస్టారూ."

*

నాలుగూ ఇరవై అయిదుకు మహిళా కానిస్టేబుల్ కనక రాజకుమారిని తీసుకొచ్చింది. గోడ మీది ప్రింట్లు చూడకుండా తలొంచుకుని లోపలికి వచ్చింది పిల్ల. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. మంచినీళ్ళిచ్చాను. మంగళవారం సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పించాను. అదే పాట.

మాస్టారి ఫోను బర్రుమంది. కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఒక్క వేలితో మెల్లగా ఏదో టైపు చేసి మళ్ళీ జేబులో వేసుకున్నారు. నాలుగూ ముప్ఫై ఎనిమిది. రోజూ సాయంత్రం ఆయన శిష్యులందరికీ ఒక బైబిలు వాక్యం పంపిస్తారు. నాకూ వస్తుంది.

"రోజూ ఎలా మూస్తావో చూపించు," అన్నాను రాజకుమారితో.

చెయ్యి తనంతట తనే కదిలింది. తెరిచినవి మూసింది, షట్ డౌన్ దగ్గరికి బాణం తీసుకెళ్ళింది. నొక్కబోతుంటే నా చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది రోజూ చేసేది. మంగళవారం చేసింది చూపించు."

ఆ పిల్ల కళ్ళు చంద్రవంక మీట మీదికి పోయి, చటుక్కున పక్కకు తప్పుకున్నాయి. అంతే. నాకు అది చాలు.

"డైరీ చదివానే పిచ్చిదానా! స్లీపులో పెట్టావు. సోములమ్మ లైటు చూసింది. నువ్వు చేశావని నేనింకా అనుకోవడం లేదు. కానీ అయిదింటికి ఈయన అనుకుంటాడు, రేపు పదింటికి పాడేరులో అందరూ అనుకుంటారు. మీ మావ భీమన్నేమనుకుంటున్నాడో తెలుసా?"

"మావ నాతో మాట్టాడ్డం నేదు," అంది. అని భోరుమంది. "నిన్న నా కాడికొచ్చి ఉమ్మేసి ఎల్లిపోనాడు."

"అయితే చెప్పు. నీ అంతట నువ్వు స్లీపులో పెట్టే రకం కాదు. ఎవరు పెట్టమన్నారు?"

రాజకుమారి నా వైపు చూడలేదు. వరహాలరావు వైపూ చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసింది.

"సెప్పీమంటారా మాస్టారూ?"

అనుమతి అడుగుతోంది పిల్ల. రెండు రోజులు మెడ మీద కత్తి పెట్టుకుని కూర్చుని, ఇప్పుడు ఆయన్ని అనుమతి అడుగుతోంది.

మాస్టారు నెమ్మదిగా నవ్వారు. "చెప్పమ్మా, చెప్పు. అందులో దాచేదేముంది? నేనే పెట్టమన్నాను. ఈ ముసలి మిషను మ్యాపు తెరవడానికి అరగంట తింటుంది. పొద్దున్నే మ్యాపులు ఇంకోసారి చూసుకుని ప్రింట్లు తియ్యాలి, ఈ ఒక్క పూటకి స్లీపులో ఉంచు అన్నాను."

"మరి షట్ డౌన్ చేశానని చెప్పమన్నది?" అడిగాను.

"అదీ మాస్టారేనండి," అంది రాజకుమారి. "నిన్న పోలీసులొచ్చినప్పుడు సెప్పినారు. తెరిచి ఒగ్గేసినానని తెలిస్తే నిర్లక్ష్యం అంతారు, ఉజ్జోగం పోతాది, నోరెత్తకు, నాను సూసుకుంతాను అన్నారు."

"దాని ఉద్యోగం పోతుందనే కదమ్మా! ఇంత దూరం వస్తుందని నేననుకున్నానా?" అన్నారాయన.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను నమ్మాను. నమ్మాలని నా ప్రాణం కొట్టుకుంది. ముసలాయన, పిల్ల మీద ప్రేమకొద్దీ ఒక పిచ్చి సలహా ఇచ్చారు, అంతే. వరహాలరావు నా మొహం చూసి ఏదో అర్థమైనట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బయట ఉరిమింది. సోములమ్మ చీపురు పడేసి లోపలికొచ్చి ప్లగ్గు మీద చెయ్యి వేసింది. "తీసీమంటారా?"

"ఉండు," అన్నాను. "ఒక్క పని మిగిలింది. మంగళవారం తర్వాత మ్యాపుల ప్రోగ్రాం ఎవరూ తెరవలేదు కదా."

తెరిచాను. అది ఆలోచించింది, ఆలోచించింది. రేకుల మీద నాలుగు చినుకులు టపటపలాడాయి. అప్పుడు తెర మధ్యలో ఒక పెట్టె లేచింది. పైకి చదివాను.

"మంగళవారం ఈ ఫైలు పద్ధతిగా మూయబడలేదు. ఉదయం తొమ్మిదీ పదికి తెరిచినప్పటి నకలు భద్రంగా ఉంది. తిరిగి తీసుకోవాలా, వదిలెయ్యాలా?"

వరహాలరావు గోడ దగ్గర నుంచి ఒక్క అంగలో వచ్చాడు. "ఏంటిది?"

"పాత హద్దులు," అన్నాను. "ఈ ప్రోగ్రాం ఫైలు తెరవగానే ఒక నకలు పక్కన దాచుకుంటుంది. పద్ధతిగా మూస్తే తనే చెరిపేస్తుంది. బుధవారం పొద్దున్న లేపి, పద్ధతిగా మూసేసి ఉంటే ఈపాటికి పోయేది. సోములమ్మ ప్లగ్గు పీకింది కాబట్టి చెరపడానికి టైము దొరకలేదు. ఇరవై మూడు కుటుంబాలూ ఇందులో ఉన్నాయి!"

"నా మావ నేల?" అంది రాజకుమారి లేచి నిలబడి.

"అదీ ఉంది."

"ఏదీ, ఇలా ఇవ్వమ్మా, నీకు కంగారు," అని మాస్టారు నా పక్కకొచ్చారు. మౌస్ మీదున్న నా చెయ్యి మీద తన చెయ్యి వేశారు. మెత్తటి, ముడతలు పడిన చెయ్యి. తొమ్మిదేళ్ళప్పుడు ఎలా పట్టుకున్నారో అలాగే. నా వేళ్ళు వాటంతట అవే సడలిపోయాయి. ముప్ఫై ఏడేళ్ళ మనిషిని, పోలీసుల్ని గడగడలాడించానని చెప్పుకునేదాన్ని, ఆయన చెయ్యి పడగానే మౌస్ వదిలేశాను.

బాణం 'వదిలెయ్' మీదికి వెళ్ళింది. టిక్కుమంది.

పొరపాటున నొక్కారు, కళ్ళజోడు లేదు, అనుకున్నాను. రెండో పెట్టె వచ్చింది: నకలు శాశ్వతంగా చెరిగిపోతుంది. ఖాయమేనా? ఆయన చెయ్యి ఆగలేదు. బాణం 'అవును' వైపు గీత గీసినట్టు తిన్నగా పోతోంది. అప్పుడు చూశాను ఆయన మొహం. నేనెప్పుడూ ఎరగని మొహం అది.

"సోములమ్మా! ప్లగ్గు పీకెయ్!"

"వద్దు! ముట్టుకోకు! చెప్తుంటే నీక్కాదూ!" మాస్టారు అరిచాడు. ఇన్నేళ్ళలో ఆయన అరవగా నేను వినలేదు.

సోములమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. ఆకాశం ఫెళ్ళుమంది.

"ఉరిమినాది బాబూ," అంది, అని పీకేసింది.

తెర నల్లబడింది.

*

వరహాలరావు మాస్టారి చెయ్యి పట్టుకుని మౌస్ మీద నుంచి తీశాడు. "'అవును' నొక్కాడా?"

"లేదు. రెండో పెట్టె దగ్గరే ఆగింది. నకలు లోపలే ఉంది. మీ సైబర్ వాళ్ళు తప్ప ఎవరూ ఆన్ చెయ్యకూడదు."

"ఇప్పుడిది నా కస్టడీ," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఎవరు కనిపెట్టారో కూడా రాస్తాలే ఈసారి," అన్నాడు.

నాకు ఆ మాట చెవికెక్కలేదు. మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా సర్దుకున్నాడు.

"నన్నెందుకు పిలిచారు?" అడిగాను. "విశాఖలో ఇంకెవరూ లేరా? నన్నెందుకు?"

"ఊళ్ళోవాళ్ళు బయటి మనిషిని తెచ్చి తేల్చమన్నారు," అన్నాడు, హాజరు పట్టీ చదువుతున్నట్టు. "నువ్వయితే గదంతా వెతుకుతావు, నా వైపు చూడవు."

"గెడ్డ ఎవరికిచ్చారు?" అన్నాడు వరహాలరావు.

"రిసార్టు వస్తుంది. దానితో రోడ్డు వస్తుంది, ఆసుపత్రి వస్తుంది. ఆ రోజు ఆసుపత్రే ఉంటే దీని అమ్మానాన్నా బతికేవాళ్ళు. ఇరవై మూడు కుటుంబాలు ఓ కొండ పైకి జరిగితే కొంప మునిగిపోతుందా?"

మా అమ్మానాన్నల్ని కూడా వాడుకున్నాడు. ఛీ! ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను దణ్ణం పెట్టుకున్నది ఈ మనిషికా అనిపించింది.

రాజకుమారి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. కోప్పడలేదు. లెక్క అర్థం కాని పిల్ల అడిగినట్టు అడిగింది.

"నన్నే ఎందుకు పెట్టినారు మాస్టారూ? నాను మీకేటి సేసినాను?"

"నువ్వు చిన్నదానివమ్మా. నెమ్మదిగా సర్దుకునేదానివి," అన్నాడు.

ఆ పిల్ల చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగింది. కనక భుజం పట్టుకుంది.

అప్పుడే మాస్టారి చెయ్యి చొక్కా జేబు వైపు పోయింది. వరహాలరావు ముందే అందుకుని ఫోను లాక్కున్నాడు. దానికి లాకు లేదు. లాకులు దొంగలు పెట్టుకుంటారమ్మా అని ఆయన నాకెన్నోసార్లు చెప్పాడు. వరహాలరావు చూసి, నా చేతిలో పెట్టాడు.

పేరు లేని నంబరు నుంచి, నాలుగూ ముప్ఫై ఆరుకు వచ్చిన మెసేజ్: 'సార్, పొక్లెయిన్ గెడ్డ కాడ దింపాం. భీమన్న అనే ముసలోడు అడ్డంగా పడుకున్నాడు. లెగమంటే లెగట్లేదు. ఆపమంటారా?'

దాని కింద, నాలుగూ ముప్ఫై ఎనిమిదికి, మా పక్కనే నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క వేలితో మాస్టారు కొట్టిన జవాబు: 'ఆపకండి.'

టైపు చేస్తుంటే నేను చూశాను. వాక్యం పంపుతున్నాడనుకున్నాను.

దాని కింద, నాలుగూ నలభై ఒకటికి: 'సరే సార్.'

ఆ తర్వాత ఏమీ లేదు.

"ఏటండీ? ఏటి రాసుంది? మా మావ పేరు కనిపిత్తంది," అంది రాజకుమారి నా భుజం మీద నుంచి తొంగి చూస్తూ.

గెడ్డకు జీపులో పోయినా పది నిమిషాలు. గోడ గడియారం నాలుగూ యాభై ఆరు చూపిస్తోంది.